ఆయిల్ కంపెనీ షేర్లు నా పేరున లేవని తెలిసిన రోజు

మా అన్నయ్య గుంటూరులో జూనియర్ కాలేజీ కామర్స్ లెక్చరర్. మా ఇంట్లో డబ్బు సంగతి ఏదైనా ఆయన నోటి నుంచి వస్తేనే దానికి విలువ. నేను చిలకలూరిపేటలో జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. చక్రవడ్డీ నేర్పేది నేను. అయినా ముప్ఫై రెండేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక కూడా, డబ్బు మాట వస్తే మా వాళ్లకు నేను పరికిణీ కట్టుకున్న పిల్లలాగే కనిపించేదాన్ని.

ఎనభైల మధ్యలో మాకు జీతాలు సవరించి, పాత బకాయిలు ఒకేసారి ఇచ్చారు. నాకు ఆరు వేల రూపాయలొచ్చాయి. అంత డబ్బు నా చేతిలోకి ఒక్కసారిగా రావడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే షేర్ల ధరలు పడిపోతున్నాయి. అంతకు ముందు ఏడు ఎగబడి కొన్న మా సైన్సు మాస్టారు స్టాఫ్ రూములో పేపరు తెరవడం మానేశారు. ఆయన పక్కన పెట్టిన ఆ పేజీని నేను చదవడం మొదలుపెట్టాను.

నా కన్ను ఒక పెద్ద ఆయిల్ కంపెనీ మీద పడింది. లారీలకు, ట్రాక్టర్లకు, మిల్లు ఇంజన్లకు వాడే ఆయిల్ తయారుచేసి డబ్బాల్లో అమ్మే కంపెనీ అది. ప్రపంచంలో ముడి చమురు ధర పడిపోయిందని పేపర్లో రాశారు. దానితో పాటు ఆ కంపెనీ షేరు కూడా పడింది. నాకది అర్థంకాలేదు. మా ఆయన పత్తి జిన్నింగ్ మిల్లులో స్టోర్సు చూసేవారు. ఒకరోజు అన్నం తింటుండగా అడిగాను.

"ఇంజన్ ఆయిల్ డబ్బా ధర ఏమైనా తగ్గిందా?"

"తగ్గడమా? మొన్న ఇంకో రెండు రూపాయలు పెంచాడు," అన్నారాయన.

అదీ విషయం. వాళ్లు కొనే సరుకు చవకైంది. వాళ్లు అమ్మే సరుకు ధర తగ్గలేదు. మేమున్న మేడగది కిటికీలోంచి చూస్తే హైవే మీద పత్తి బేళ్ల లారీలు పగలంతా వరసకట్టి పోతుండేవి. పత్తికి ధర ఉన్నా లేకపోయినా లారీకి ఆయిల్ పొయ్యాల్సిందే. ఇది తెలుసుకోవడానికి కామర్స్ చదవక్కర్లేదు. నా ఆరు వేలతో ఆ షేర్లు కొంటానన్నాను.

"నాకైతే భయమే," అన్నారు మా ఆయన. "కానీ అరియర్స్ నీవి. నీ ఇష్టం."

ఆ ఆదివారం అన్నయ్య వచ్చాడు. నేను చెప్పింది సగం విని నవ్వాడు.

"అందరూ అమ్ముకుని బయటపడుతుంటే నువ్వు లోపలికి పోతానంటావేందే? ఇంకా పడుతుంది. పోస్టాఫీసులో వేసుకో."

"ఇంకా పడొచ్చు. నాకేమీ రేపే అమ్మే పని లేదుగా. పదేళ్లు ఉంచుతా."

గంటసేపు వాదించాడు. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. చివరికి, "సరే, నీ ఖర్మ. గుంటూర్లో నాకు తెలిసిన బ్రోకరున్నాడు. నువ్వెక్కడ తిరుగుతావు, నేను కొనిపెడతాలే," అన్నాడు. సెలవు దొరకదు, పిల్లలు చిన్నవాళ్లు. ఆరు వేలూ లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టాను.

అప్పట్లో షేర్లంటే కాగితాలు. కంపెనీ వాళ్లు మన పేరు ఎక్కించి పోస్టులో పంపడానికి నెలలు పట్టేది. అందుకే నేను అడిగినప్పుడల్లా అన్నయ్యకు జవాబు సిద్ధంగా ఉండేది. "బొంబాయి నుంచి రావాలే, తొందరేంటి?" అనేవాడు. నేను రోజూ పేపర్లో ధర చూసేదాన్ని. రూపాయి పడితే నా గుండె జారేది. వరసగా పడిన రోజుల్లో బళ్లో పిల్లల మీద విసుక్కున్నాను, మా ఆయనతో సరిగా మాట్లాడలేదు. రెండు రూపాయలు పెరిగిన రోజున పిల్లలకు పకోడీలు వేశాను. మూడు నెలలు అలా బతికాను.

డిసెంబరులో పరీక్ష పేపర్లు తీసుకురమ్మని హెడ్మాస్టరు నన్ను గుంటూరు పంపారు. పని త్వరగా అయిపోయింది. ధర బాగా పడి ఉంది, చీటీ డబ్బుతో ఇంకొన్ని కొందామా అనిపించి బ్రాడీపేటలో ఆ బ్రోకరు ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లాను. మేడమీద చిన్న గది. బెంచీ మీద నలుగురైదుగురు మగవాళ్లు. బ్రోకరు పెద్దాయన, మర్యాదస్తుడు. అన్నయ్య పేరు, నా పేరు చెప్పాను. ఆయన పుస్తకం తెరిచి వేలితో వరస వెంట చూసుకుంటూ పోయాడు.

"మీ పేరున ఏమీ లేదమ్మా."

"ఇంకోసారి చూడండి. సెప్టెంబరులో కొన్నారు."

ఆయన ఇంకోసారి చూశాడు. తరవాత కళ్లజోడు తీసి, "మీ అన్నయ్యగారు వచ్చారమ్మా, నాకు గుర్తుంది. ధర అడిగి వెళ్లిపోయారు. కొనలేదు," అన్నాడు.

బెంచీ మీది మగవాళ్లు నన్నే చూస్తున్నారు. ఒకాయన జాలిగా తల పంకించాడు. ఆ జాలి నాకు చెంపదెబ్బలా తగిలింది. మెట్లు దిగి రోడ్డు మీదికొచ్చాను. ఏడుపు రాలేదు. నావి కాని వాటి కోసం మూడు నెలలు గుండె చేత్తో పట్టుకుని తిరిగాను. నష్టపోతున్నానని నా పిల్లల మీద అరిచాను. అసలు నాకు నష్టపోయే అవకాశం కూడా ఇవ్వలేదు.

ఊరి చివర నల్లపాడులో అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన మంచినీళ్లిచ్చి నా మొహం చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అన్నయ్య కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు.

"నా షేర్లేవి?"

"చెప్పాగా, ఇంకా..."

"బ్రోకరు దగ్గర్నుంచే వస్తున్నా."

కుర్చీలో కూర్చున్నాడు. సిగ్గుపడతాడేమో అనుకున్నాను. ఆయన లెక్చరరులాగే మొదలుపెట్టాడు. "చూడు, అప్పుడు కొనుంటే ఇవాళ్టికి ఎంత పోయేదో తెలుసా? నీ డబ్బు కాపాడాను. నాన్నకు ఇచ్చా. పత్తికి తెల్లదోమ పట్టింది, మందుల షాపువాడు అప్పు ఇవ్వనన్నాడు. ఇంట్లో డబ్బు ఇంట్లోనే ఉంది గదా."

"మరి బొంబాయి నుంచి రావాలని ఎందుకు చెప్పావు?"

"నీతో వాదించలేక," అన్నాడు.

మరుసటి ఆదివారం మార్టూరు బస్సెక్కి మా ఊరు వెళ్లాను. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. నన్ను చూడగానే, "నీకు చెప్పొద్దన్నారే," అంది, నేనేమీ అడగకముందే. అంటే అమ్మకు కూడా తెలుసు. మూడు నెలలుగా అందరికీ తెలుసు, నాకు తప్ప.

నాన్న చేలో ఉన్నారు. నల్లరేగడి చేను, నడుం ఎత్తు పత్తి. ముట్టుకుంటే ఆకులు బంకగా ఉన్నాయి. ఆ బంక మీద పొయ్యి మసి రాసినట్టు నలుపు. విచ్చిన కాయల్లో పత్తి కూడా మసకబారి వేళ్లకు అంటుకుంటోంది. గట్టు మీద ఖాళీ మందు డబ్బాలు గుట్టగా పడున్నాయి. వాటిల్లో కొన్ని నా అరియర్స్.

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"ఏందమ్మా చెప్పేది? చేను కళ్ల ముందు పోతుంటే చూస్తా కూర్చోమంటావా? నువ్వు బీఈడీ చదివింది ఈ చేని మీదే గదా."

"కాదనలేదు. నన్ను అడగొచ్చుగా."

నాన్న నా వైపు తిరిగారు. "అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్నని చెప్పాలనుకున్నాను. నిజంగా ఇచ్చేదాన్నో కాదో నాకే తెలియలేదు. ఎకరానికి ఎంత మందు, ఎంత పత్తి అని లెక్కేసి, ఇది నిలబడదు నాన్నా అనేదాన్నేమో.

"ఇవ్వవు. నాకు తెలుసు. అందుకే అడగలా," అని ఆయన మళ్లీ చేనులోకి వెళ్లిపోయారు.

ఆ మాటకే నాకు ఇప్పటికీ మండుతుంది. ఇవ్వననే చెప్పేదాన్నేమో. కానీ ఆ మాట చెప్పాల్సింది నేను. నా డబ్బు తీసుకున్నారు, దానితో పాటు నా జవాబు కూడా వాళ్లే చెప్పేసుకున్నారు.

ఆ ఏడు పత్తి నిలబడలేదు. మా చేనొక్కటే కాదు, ఆ చుట్టుపక్కల ఎవరి చేనూ నిలబడలేదు. పక్క ఊళ్లో ఒక రైతు చేనుకు తెచ్చిన మందే తాగి చనిపోయాడని విన్నాను. ఆ రోజు రాత్రి మా నాన్న గుర్తొచ్చి నాకు భయమేసింది. అలాంటి చావుల మధ్య ఆరు వేల రూపాయల కోపం ఎవరికి చెప్పుకుంటాను? అమ్మ కూడా అదే అంది: "ఊళ్లో మనుషులు పోతుంటే నీ షేర్ల గోల ఏందే." వాళ్ల కష్టం నిజం. నాకు జరిగింది కూడా నిజమే. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని నోరు మూయించడం నాకు నచ్చలేదు, ఆ రోజైనా, ఈ రోజైనా.

సంక్రాంతి సెలవులు అయ్యాక చీటీ పాడి నేనే గుంటూరు వెళ్లాను. మా ఆయన తోడొస్తానంటే వద్దన్నాను. అదే బ్రోకరు, అదే కంపెనీ. ముప్ఫై షేర్లు కొని రసీదు చేతిలో పట్టుకుని బస్సెక్కాను. నేను కొన్న తరవాత ధర ఇంకా పడింది. దాదాపు ఏడాది పడుతూనే ఉంది. అన్నయ్య కనిపించినప్పుడల్లా, "ఏమైంది మీ ఆయిల్ కంపెనీ?" అని నవ్వేవాడు. ఈసారి పడేవి నావి. నాకు నిద్ర పట్టేది.

రెండేళ్లకు మిరప బాగా పండి, నాన్న మిర్చి యార్డులో అమ్మి నా ఆరు వేలూ తెచ్చి మా ఇంట్లో బల్ల మీద పెట్టారు. కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆయన చనిపోయేదాకా ఆ విషయం మా మధ్య మళ్లీ రాలేదు.

ఆ దశాబ్దం చివరికి షేరు కోలుకుంది. కంపెనీ బోనస్ షేర్లు కూడా ఇచ్చింది. మా చిన్నాన్న కొత్తింటి గృహప్రవేశంలో భోజనాల దగ్గర అన్నయ్య పదిమందికీ చెబుతున్నాడు: "మార్కెట్ పడినప్పుడే పెద్ద కంపెనీలు కొనాలి. మా చెల్లెలి చేత అప్పుడు ఆయిల్ కంపెనీ కొనిపించింది నేనే."

నా చేతిలో నెయ్యి గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టాను.

"నువ్వు కొనిపించలేదన్నయ్యా. నా డబ్బు తీసుకుని కొన్నానని అబద్ధం చెప్పావు. మూడు నెలలు చెప్పావు. నేను కొన్నది తరవాత, నా అంతట నేను."

పంక్తి మొత్తం చేతులు ఆగిపోయాయి. "ఇప్పుడెందుకమ్మా అవన్నీ," అన్నారు చిన్నాన్న. అన్నయ్య తల వంచుకుని పప్పన్నం కలుపుతూ ఉండిపోయాడు. నేను గిన్నె తీసుకుని తరవాతి విస్తరికి వెళ్లాను. అన్నయ్యకూ వడ్డించాను.

చేతులు కడిగే చోట వదిన నా పక్కకు వచ్చి నిలబడింది. "అమ్మాయ్, నా దగ్గర కొంత ఉంది. మా అమ్మ ఇచ్చింది. మీ అన్నయ్యకు తెలియదు. నాకూ అవి కొనిపెడతావా?"

"నేను కొనను వదినా. వచ్చే శనివారం నువ్వే నాతో రా. బ్రోకరు నీ ముందే పుస్తకంలో నీ పేరు రాయాలి. ఇప్పుడు ధర ఎక్కువగా ఉంది, మళ్లీ పడొచ్చు. అది కూడా తెలుసుకుని రా."

"పడితే పడనీ," అంది వదిన. శనివారం పదకొండు గంటలకు బ్రాడీపేటలో నాకంటే ముందే వచ్చి, మెట్ల కింద చేతిసంచీ పట్టుకుని నిలబడి ఉంది.