మబ్బుకు పర్మిషన్ లేదు

పావగడకు రైలు వస్తుందని నా చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. రైలు సంగతి ఎట్లున్నా, కొత్తగా కట్టిన స్టేషన్ గోడ మీద పెద్ద బొమ్మ వేసే పని మాత్రం నాకొచ్చింది. నేను హైస్కూల్లో డ్రాయింగు మేష్టర్ని. అంతవరకూ బడి గోడకు తప్ప దేనికీ రంగు పూసినవాణ్ణి కాను కాబట్టి, ఆ వారమంతా ఇంట్లో కొంచెం మెడ నిటారుగానే తిరిగాను. "తలుపు కాడ వొంగప్పా, తలకు తగుల్తాది" అని నా భార్య హెచ్చరించింది కూడా.

బొమ్మలో ఎడమవైపు మా కొండ, కుడివైపు సోలారు పలకలు, నడుమ శెనక్కాయ చేను. చేలో ఎద్దులు గొర్రు లాగుతుంటే, వెనకాల నడుస్తూ విత్తనాలు వేస్తున్న ఒక ఆడమనిషి. ఆ మనిషి వల్లూరులో ఉండే మా పెద్దమ్మ. నిజం చేను ఉన్నచోట ఇప్పుడు పలకలున్నాయి. ఆమె ఆ పలకలు కడిగే పనికే పోతోంది.

స్టేషన్ పని చూసే ఇంజనీరు నా డిజైను తిప్పి తిప్పి చూశాడు. "మబ్బులు తీసెయ్యండి మేష్ట్రే. సోలారు ఊరికి మబ్బులేంటి? ఎండ బాగా కాయాలి" అన్నాడు. తీసేశాను. అడక్కపోయినా సూర్యుణ్ణి కూడా కొంచెం పెద్దవాణ్ణి చేశాను.

మెచ్చుకుంటుందని ఆ కాగితం పట్టుకుని వల్లూరు పోయాను. పెద్దమ్మ చాలాసేపు చూసింది.

"ముక్కు నాదే. బాగుండాది. మబ్బు యాడరా?"

"మబ్బుకు పర్మిషన్ లేదు పెద్దమ్మా."

"ఎండు నేలలో గింజలేసేదాన్నా నేను? అదను పదును తెలీనిదాన్నా? వచ్చేవాళ్లు పొయ్యేవాళ్లు చూసి నవ్వరా? తీసెయ్ నన్ను. ఎద్దుల్ని పెట్టుకో."

ఎప్పటిలా ఆటపట్టిస్తోందేమోనని మొహం చూశాను. కళ్లల్లో నీళ్లు. చేను సోలారు కంపెనీకి లీజుకు పోయింది, ఎద్దులు సంతకు పోయాయి, సేద్యం తెలిసిన మనిషి అన్న పేరొక్కటే మిగిలింది. దాన్ని నేను గోడకెక్కించి పోగొట్టబోతున్నాను.

"మబ్బు పెడితే ఇంజనీరు ఒప్పుకోడు" అన్నాను.

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాన రాత్రే పడిందనుకో. తెల్లారి ఎండ కాయదా ఏంది? నేలకు తడి పదును పెట్టు, చాలు."

అట్లే చేశాను. గోడ మీద ఎర్రమన్ను రంగు ముదురు చేసి, సాళ్లల్లో తడి మెరిపించాను. ఇంజనీరు వచ్చి సూర్యుణ్ణి చూసి సంతోషపడ్డాడు. తర్వాత వంగి, గోడకు చెమ్మ ఎక్కిందేమోనని వేలితో రుద్ది చూశాడు. పొడిగానే ఉంది. నేను ఏమీ ఎరగనట్టు బ్రష్షులు కడుక్కున్నాను.

మొన్న మంచి వాన పడింది. వాన పడిన రోజు పలకలు కడిగే పని ఉండదు. ఏదో పని మీద స్టేషన్ వైపు పోతే, పెద్దమ్మ తలంతా తడుపుకొని గోడ ముందు కూర్చుని ఉంది.

"ఇంత వానలో బస్సెక్కి ఎందుకొచ్చినావు? ఇంట్లో పండుకోవచ్చు గదా" అని కసిరాను.

"పండుకుంటే నిద్ర పడతాదా? వాన పడినాదంటే కాళ్లు చేనికి పోదామంటాయి" అంది, గోడ మీద నుంచి చూపు తిప్పకుండా. "అందుకే ఈడికొచ్చినా."