ముక్కు కొన మీద పొక్కు

పులివెందులలో మా పక్కింటి గడపకు ఈ ఉదయం ఎర్రమన్ను పూశారు. తడి మట్టి వాసన కిటికీలోంచి రాగానే నా చూపుడువేలు దానంతట అదే కదిలింది. ఆ వేలితో ఎంతమంది ఒంటి మీద సింహం బొమ్మ గీశానో! వాసన వెంటే ఖైరున్నీసా మేడం గుర్తుకొచ్చారు.

మాది జమ్మలమడుగులో కుమ్మరి ఇల్లు. ఒంటికి ఒక పక్కన మంటతో పొక్కులు బారుగా లేస్తే దాన్ని అక్కి అంటారు. మా వైపు జనం డాక్టరు కన్నా ముందు కుమ్మరి దగ్గరికి వస్తారు. ఎర్రమన్ను కలిపి పొక్కుల మీద సింహాన్ని గీస్తాం. నాకది మా నాయన నుంచి వచ్చింది.

ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు మేడం మాకు జువాలజీ చెప్పేవారు. "చర్మంలో కణానికి వైరస్ సోకిందనుకో, అది తనను తానే చంపుకుంటాది. దాని బదులు ఇంకోటి పుడతాది. నరాల కణం పోతే మాత్రం పోయినట్లేనప్పా. అందుకని శానా మటుకు అది చావదు. వైరస్‌ను అణచిపెట్టుకోని బతుకుతాది" అన్నారొకరోజు. ఆటలమ్మ తగ్గాక ఆ వైరస్ నరాల కణాల్లో ఏళ్ల తరబడి నిద్రపోతుందనీ, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు నరం వెంట చర్మానికి దిగితే అదే అక్కి అనీ చెప్పారు.

నేను లేచి, "మా నాయన సింహం గీస్తే తగ్గుతాంది కదా మేడం?" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

"ఎన్ని దినాలకు?"

"మూడు వారాలకు."

"గీయకపోతే?"

నేను మెల్లగా కూర్చున్నాను.

"గీసుకో ఓబులేసూ, వద్దనను. ముక్కు కొన మీద పొక్కు కనపడితే మాత్రం నీ సింహాన్ని నమ్మొద్దు. ఆడికి పోయే నరమే కంటికీ పోతాది. వెంటనే మందు పడకపోతే చూపు పోతాది."

నాయన పోయాక ఆదివారాలు మా అరుగు మీద జనం నా కోసం కూర్చునేవారు. నేను బళ్లో సైన్సు చెప్పేవాణ్ణి. అక్కి దానంతట అదే ఆరుతుందని తెలుసు. అయినా "సారు చేయి మంచిది" అనే మాటకు రుచి మరిగాను.

ఒక ఆదివారం మైలవరం నుంచి లక్షుమ్మ వచ్చింది. జాకెట్లు కుట్టి బతికే మనిషి. ఎడమ నుదుటి మీద పొక్కులు, ముక్కు కొన మీద ఒకటి. చూశాను. పాఠమూ గుర్తొచ్చింది. కానీ అరుగు నిండా జనం. అంతమంది ముందు నాకు చేతకాదని అనలేకపోయాను. గీసి పంపించాను.

మధ్యాహ్నం అన్నం సగంలో వదిలి లేచాను. మేడంకు ఫోను చేశాను.

"ముక్కు కొన మీద పొక్కా? నువ్వేం చేసినావు?"

ఆయమ్మది మైలవరమని చెప్పాను.

"గీసినావా?"

"గీసినా మేడం."

"ఇంగ నీ సింహం పోయి ఆయమ్మను ఆసుపత్రికి పిల్చుకొస్తాదా? నువ్వే పో. చేసిన తప్పు నీ నోటితోనే చెప్పు. నేను ఈడ కంటి డాక్టరుతో మాట్లాడి పెడతా."

నేను పోయేసరికి లక్షుమ్మ ముఖాన ఎర్రమన్నుతో, ఒక కన్ను మూసుకుని మిషను తొక్కుతోంది. కంటికి ముప్పని తెలిసీ గీశానని చెప్పాను.

"తెలిసీనా?" అంది, కాలు ఆపి. "కన్ను పోతే సూదికి దారం ఎవురెక్కిస్తారప్పా, నువ్వా?" అంటూనే చెప్పులు వేసుకుంది.

ప్రొద్దుటూరు ఆసుపత్రి గుమ్మంలో మేడం తడిగుడ్డ నా చేతికిచ్చారు. "ముందు నీ బొమ్మ నువ్వే తుడువు" అన్నారు. తుడిచాను. డాక్టరు లోపలికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. "సమయానికి తెచ్చినారు, కన్ను నిలబడుతుంది" అన్నాడు.

నెల తర్వాత మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు లక్షుమ్మ కుడికన్ను మూసి, మా ఇద్దరి ముందే సూదికి దారం ఎక్కించింది. ఒక్కసారికే పడింది. "ఇంగ ఊపిరి వదలప్పా, నెల దినాలుగా బిగబట్టుకోని ఉండావు" అని మేడం నా వీపు మీద చరిచారు.

మేడం చనిపోయి రెండేళ్లవుతోంది. నాకు బదిలీ అయిన ఈ పులివెందులకు కూడా నన్ను వెతుక్కుంటూ జనం వస్తారు. డాక్టరుకు చూపించుకుని వచ్చినవాళ్లకే గీస్తాను. పోయిన నెల ఒక ముసలాయనకు కంటి పక్కన పొక్కులు లేచాయి. వరండా నిండా మనుషులున్నారు. "ఇది నాకు చేతకాదు తాతా, లెయ్యి, ఆసుపత్రికి పోదాం" అన్నాను. ఆ మాట విని వరండా దిగిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. పోతారనే కదా అన్నేళ్లు భయపడ్డాను.