కొట్టుర అకీలూ

అకీల్ డీజే మిక్సర్ ముందు నిలబడితే, అతని ఎడమచెయ్యి ఎప్పుడూ బేస్ బటన్ మీదే ఉంటుంది. అతనూ మా తమ్ముడు శ్రీశైలమూ ఒక పాత కీబోర్డుతో మొదలుపెట్టిన డీజే జట్టు వాళ్లది. పాలకుర్తి నుంచి మహదేవపూర్ దాకా పెళ్లి ఊరేగింపులకు, అదే బరాతులన్నిటికీ వాళ్లనే పిలిచేవారు. ప్రతి పాటలోనూ దరువు ఊపందుకునే ముందు, రికార్డు చేసిపెట్టిన తమ్ముడి గొంతు కేక వేసేది: "కొట్టుర అకీలూ!" నిరుడు జ్వరంతో వాడు పోయాక కూడా, కొత్తగా చేసిన పాటల్లో అకీల్ ఆ కేకను అలాగే ఉంచాడు. అది వచ్చే చోట బేస్ తగ్గిస్తాడు. తల కొంచెం వంచి వింటాడు. ఆ తర్వాతే దరువు వదులుతాడు.

మొన్న చిల్పూర్‌లో మా చుట్టాల పెళ్లి. బరాత్ కదిలేముందు పెళ్లికూతురి మేనమామ పోశాలు అతన్ని పక్కకు పిలిచాడు.

"శుభమా అని పెండ్లి జేస్తుంటే సచ్చినోని గొంతేందిర? తీసెయ్యి జర."

"గది తీస్తే నాకు చెయ్యాడదే కాకా."

"అయితే ఇంకో డీజేను పిలువమంటవా?"

అకీల్ నావైపొకసారి చూసి, ఆ కేకను తీసేశాడు.

పాట మొదలైంది. ఆ చోటు రాగానే, అలవాటుకొద్దీ అతని చెయ్యి బేస్ తగ్గించింది. కేక ఉండాల్సిన చోట ఏమీ లేక వీధంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఎగురుతున్నవాళ్లంతా చేతులు పైకెత్తి అరిచారు, వాళ్లలో పోశాలు కూడా ఉన్నాడు: "కొట్టుర అకీలూ!"

అకీల్ తల వంచి విన్నాడు. దరువు వదలడానికి ఆరోజు కొంచెం ఆలస్యమైంది.