నిశ్చితార్థం జుబ్బా

మా గాంధీనగర్ అంబులెన్సు శరణమ్మ మనిషి నడక చూసి పక్కటెముకలు ఎన్ని విరిగాయో చెప్పేస్తుంది. కాన్వెంటులో అబద్ధాలకు బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి కనుక సవరించుకుంటాను: రొమ్ము మీది బట్ట తీసి చూశాకే చెబుతుంది. అంబులెన్సు మనిషికి ఆ బట్ట తీయనివ్వడం కూడా మన జనానికి కష్టమే.

పోయిన సుగ్గిలో, కోతల కాలాన, బళ్లారి పక్క ఎమ్మిగనూరు దారిన చెరుకు ట్రాక్టరు కాలవలోకి దిగబడింది. నిశ్చితార్థం ముగించుకుని పట్టుజుబ్బాతోనే బండెక్కిన దుర్గేశ్ రొమ్ము స్టీరింగుకు గుద్దుకుంది. మా బస్సు ఆగిపోతే దిగి చూశాను. నెత్తురు చుక్క లేదు, అందుకని ఎవరికీ జాలి లేదు. ఒకడు గుట్కా నములుతూ వీడియో తీస్తున్నాడు. వాడి ఉమ్మి దుర్గేశ్ కాలి పక్కనే పడుతోంది. మేనమామ వీరభద్రప్ప తువ్వాలతో మేనల్లుడి రొమ్ము బిగించి కట్టి, గొప్ప వైద్యం చేసినట్టు మీసం దువ్వుతున్నాడు.

శరణమ్మ అంబులెన్సు దిగి వచ్చి తువ్వాల ఊడదీసి కత్తెర తీసింది. వీరభద్రప్ప ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"కోయాకమ్మా. తలమీంచి తీయి. పెండ్లికీ ఇదే జుబ్బా."

"చేతులెత్తితే వానికి ఊపిరాడదు మామా."

"నెత్తురే రాలేదు కదా, ఏమయినాదని?"

"పెదాలు నీలమైతాండాయి. పెండ్లిదాకా మనిషి ఉండద్దా?"

జనం నవ్వారు. ఊపిరాడని మనిషి చుట్టూ నిలబడి నవ్వారు.

ఆమె చెయ్యి విదిలించుకుని జుబ్బా నిలువునా కోసేసింది. దుర్గేశ్ గాలి పీల్చినప్పుడు కుడిపక్క లేచింది. ఎడమపక్క అరచేయంత చోటు లోపలికి గుంజుకుపోయింది. వదిలినప్పుడు అదే చోటు బయటికి ఉబ్బింది. మెడనరాలు తాళ్లలా తేలాయి. ఆమె వేళ్లతో మెల్లగా తడిమి డ్రైవరుతో అంది:

"తోలు కింద బొరుగులు నలిగినట్టుండాది. లోపల గాలి చేరతాండాది. ఆస్పత్రికి ఫోన్ చేసి డాక్టర్ను సిద్ధంగా ఉండమను."

ముఖానికి ఆక్సిజన్ పెట్టి ఎక్కిస్తుంటే, వీడియోవాడు ఆమెను కొంచెం పక్కకు జరగమన్నాడు.

బళ్లారిలో డాక్టరు పక్కటెముకల సందున గొట్టం వేసి గాలి తీశాడు. దుర్గేశ్ బతికాడు. మేనమామ కృతజ్ఞత ఎట్లుందంటే, మంచి జుబ్బా పాడు చేసిందని శరణమ్మ మీద పై ఆఫీసులో ఫిర్యాదు పెట్టాడు.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా విని, ఎవరైనా విన్నారేమోనని వీధి అటూ ఇటూ చూసి, గేటు వేసుకుంటూ అంది:

"నేను ఎవురి జుబ్బా కోయలా తాతా. ఆ పొద్దు నాకు లీవు. ఎమ్మిగనూరు దారి యాడుండాదో కూడా నాకు తెల్దు."