నాలుగు స్క్రూల లయనెల్

మా పిస్టల్ క్లబ్బులో లయనెల్ పాస్కో దేన్నయినా ఇట్టే తేల్చేస్తాడు, ఒక్కటి తప్ప. పోటీ పిస్టల్ మీద రెడ్ డాట్ ఎలా బిగించాలన్నది మూడేళ్ళు గడిచినా తేలలేదు. ఇల్లు ఒక్క పూటలో కొన్నాడు. రెండో పెళ్ళి ఫోన్లోనే కుదుర్చుకున్నాడు. ఈ నాలుగు స్క్రూల దగ్గరికొచ్చేసరికి మాత్రం మనిషికి కాలూ చెయ్యీ ఆడదు.

రెడ్ డాట్ అంటే అగ్గిపెట్టెంత గూట్లో ఓ బుల్లి అద్దం, అందులో ఎర్ర చుక్క. ఆ చుక్కని గురి చూసే అట్ట మీద నిలబెట్టి మీట నొక్కడమే. బిగించడానికి దారులు రెండు. తూటా పేలినప్పుడల్లా వెనక్కీ ముందుకీ పరిగెత్తే పైభాగం ఉంటుంది, స్లయిడ్ అంటాం. దాని మీద బిగించొచ్చు. లేదా కదలని కింది చట్రానికి బ్రాకెట్ తగిలించి, దాని మీద కూర్చోబెట్టొచ్చు. మామూలు మనిషి ఏదో ఒకటి కానిచ్చి ఇంటికెళ్ళి టీ తాగుతాడు.

లయనెల్ ఒక ఆదివారం స్లయిడ్ మీద బిగించుకొచ్చేవాడు. "ఇదే ఖాయం. తేలిగ్గా ఉంది."

పై ఆదివారానికి చట్రం మీదకి మారేది. "ఇదే ఖాయం. చుక్క గెంతడం లేదు."

ఆ పై వారం బ్రాకెట్ పక్కకి ఒరిగి ఉండేది. "నిటారుగా ఉంటే పేలిన తూటాల డొప్పలొచ్చి అద్దానికి కొట్టుకుంటున్నాయి. ఇదే ఖాయం!"

పోటీలు నడిపించే సెక్రటరీని నేను. మధ్యాహ్నం సముద్రపు గాలి లేచి అట్టలన్నీ పీకేలోపు నలభై మంది చేత ఆడించాలి. ఈయన మార్చినప్పుడల్లా గురి మళ్ళీ మొదటినుంచీ సరిచూసుకోవాలి. "రెండే నిమిషాలు" అనేవాడు. ఆ రెండు నిమిషాల్లో మేం మాంసం కూరిన పాస్టీలు తిని, మళ్ళీ ఆకలేసి కూర్చునేవాళ్ళం.

మా దగ్గర తుపాకీని విప్పాలన్నా బిగించాలన్నా ఒక్కటే బల్ల. అక్కడ తూటా కనబడకూడదు, అక్కణ్ణుంచి విప్పిన తుపాకీ కదలకూడదు. ఆ బల్లని లయనెల్ ఆక్రమించుకున్నాడు. ఎవరో దాని కాలికి "పాస్కో ఆఫీసు" అని రేకు కూడా కొట్టారు. ఆయనేమో సంతోషించి దాన్ని తుడిచి మెరిపించేవాడు.

అక్కడితో అయిందా? మా దేశంలో జనవరంటే నడివేసవి. ఆ నలభై మూడు డిగ్రీల ఎండలో, రెండు జతల ఉన్ని చేతిజోళ్ళు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని ఖాళీ పిస్టల్ స్లయిడ్ లాగుతూ కూర్చునేవాడు. కళ్ళద్దాలకి వాజెలిన్ పూత!

"ఏంటయ్యా ఈ వేషం?" అన్నాను.

"చలి."

"చలా? రోడ్డు మీద తారు కరుగుతోంది!"

"నాకు రక్తం పలచన" అన్నాడు.

మార్కుల్లో ఆయనది కిందినుంచి రెండో స్థానం. అట్టడుగున డోరీన్ చెనోవెత్ ఉండేది. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. ఇద్దరిదీ ఒకే రకం పిస్టల్. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఆవిడే లయనెల్‌ని వారం వారం చిత్తు చేసేది. "ఒరేయ్ లయనెల్, ఆ అట్ట మీద నీకెందుకురా ఇంత జాలి? ఒక్క దెబ్బా వెయ్యవు!" అనేది. ఆయన చెవులు ఎర్రబడేవి, మొహం మాత్రం వెలిగిపోయేది.

మూడు నాలుగేళ్ళుగా ఆవిడ వేళ్ళ కణుపులు వాచిపోతూ వచ్చాయి. తూటా ఎక్కించడానికి స్లయిడ్ లాగబోతే రాదు, గురి కనబడదు. ఏడాదికి ఇన్ని పోటీలని ఆడకపోతే లైసెన్సు పోతుంది. జూన్ ముగిసేలోపు ఇంకొక్కటి ఆడాలి.

"నా పేరు కొట్టెయ్ నాయనా. స్లయిడ్ ఇంకొకరు లాగిపెడితే అది నా ఆటెలా అవుతుంది?" అంది.

నాకు చాలా బాధేసింది. పేరు కొట్టెయ్యలేదు.

జూన్ చివరి ఆదివారం. లయనెల్ యథాప్రకారం నోట్లో స్క్రూలు పెట్టుకుని బల్ల దగ్గరే ఉన్నాడు. నా కోపం నషాళానికెక్కింది.

"పదింటికల్లా బిగించావా సరే, లేదా ఈ ఏడాదికి ఇంటికెళ్ళు!"

"రెండే నిమిషాలు."

"మూడేళ్ళ నుంచీ అవే రెండు నిమిషాలు!"

పదింటికి వెళ్ళి చూస్తే బిగించేశాడు. చట్రం మీద బ్రాకెట్, కాస్త ఎడమకి ఒరిగిన అద్దం. స్లయిడ్ పక్కన గిన్నె మూత పిడిలాంటి లావుపాటి గుబ్బ. నన్ను బల్ల దగ్గర కాపలా ఉంచి, తను క్యాంటీన్‌కి పోయి డోరీన్‌ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

"లాగి చూడు. వేళ్ళక్కర్లేదు, అరచెయ్యి చాలు."

ఆవిడ గుబ్బకి అరచెయ్యి ఆనించి నెట్టింది. స్లయిడ్ బుద్ధిగా వెనక్కొచ్చింది. అట్టల వెనకున్న మట్టిగట్టు వైపు గురిపెట్టింది. "చుక్క కనబడుతోందిరా! కదలకుండా ఉంది!" అంది.

అప్పుడు ఆవిడ చూపు బల్ల మీదున్న ఉన్ని చేతిజోళ్ళ మీదా, వాజెలిన్ కళ్ళద్దాల మీదా పడింది. "మరి ఇవెందుకురా?"

"నీ వేళ్ళెలా ఉంటాయో నాకు తెలియొద్దూ?"

"ఆ వాజెలినో?"

"అది నీ కంటి శుక్లం."

"దుర్మార్గుడా! నా కన్ను అంత జిడ్డుగా ఉంటుందా?" అని భుజం మీద ఒక్కటిచ్చింది.

ఆ రోజు ఆవిడ ఆ పిస్టల్‌తోనే ఆడింది. తర్వాత అదే పిస్టల్‌తో లయనెల్ ఆడాడు. పధ్నాలుగు మార్కుల తేడాతో ఓడిపోయాడు.

"అదే తుపాకీ, అదే చుక్క. ఇప్పుడేం సాకు చెప్తావురా?" అంది డోరీన్. లైసెన్సు నిలిచింది.

"మొదటే చెప్పొచ్చుగా" అన్నాను లయనెల్‌తో. మూడేళ్ళు విసుక్కున్నందుకు సిగ్గుగానే ఉంది.

"చెబితే, నా కోసం నీకెందుకీ శ్రమ అని ఆ రోజే లైసెన్సు ఇచ్చేసేది. ఆవిడ రాకపోతే ఆదివారం నన్ను తిట్టేదెవరు? మీరంతా మరీ మర్యాదస్తులు."

ఆ అద్దం, బ్రాకెట్, గుబ్బ డోరీన్ పిస్టల్‌కి మారాయి. పై ఆదివారం లయనెల్ బోసి పిస్టల్, కొత్త రెడ్ డాట్, స్క్రూలు తిప్పే అలెన్ కీ పట్టుకుని ఆఫీసు తెరిచాడు.

"ఇది నా కోసం కదా, మొదటినుంచీ ఆలోచించుకోవాలి. స్లయిడ్ మీదంటావా, చట్రం మీదంటావా?"

నేను నోరు తెరిచేలోపే క్యాంటీన్‌లోంచి డోరీన్ అరిచింది.

"వాణ్ణి తొందరపెట్టకు నాయనా! ఇంకో మూడేళ్ళు నేనే గెలుస్తా!"