బ్యాటు కింద గీతలు

మా చిన్నప్పటి నుంచీ ఆదివారం జట్టుకి కెప్టెన్ ఎవరో బ్యాటు కింద గీతలే తేల్చేవి... ఆ గీతలు చెరిపేసింది మన పార్కు క్రికెట్ పేరెంట్స్ కమిటీ ఛైర్మన్ గారు. పేరు రాయను. కార్డిఫ్‌లో కమిటీ వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళకి రాయాల్సిన అవసరమూ లేదు.

మేం కరీంనగర్ నుంచి ఈ దేశం వచ్చేసరికి నాకు ఎనిమిదేళ్ళు. ఇంటి ఎదుటి పార్కులో వెరా ఆంటీ పిల్లలకి క్రికెట్ నేర్పేది. బార్బడోస్ దీవి నుంచి చిన్న వయసులో నర్సుగా వచ్చి, ఇక్కడి హాస్పిటల్లోనే రిటైరైన మనిషి. తెల్ల టోపీ, మోకాళ్ళకి పట్టీలు, సంచీ నిండా బొచ్చు ఊడిన టెన్నిస్ బంతులు...

మా నాన్నకి ఆమె మీద అనుమానం. "ఊకెనే ఎందుకు నేర్పుతదామె? ఏదో ఉంటది" అనేవాడు. నన్ను పంపించి, తను గొడుగు పట్టుకుని బౌండరీ దగ్గర కాపలా నిలబడేవాడు. కొన్ని వారాలు చూసి ఆంటీ నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళింది. "ఎవర్నీ నమ్మని మొహం నీది. అంపైరింగ్‌కి పనికొస్తావు, రా." నాన్న ఇచ్చిన మొట్టమొదటి ఎల్బీడబ్ల్యూ నాదే... ఆ బంతి లెగ్ స్టంప్ బయటే పడిందని ఇప్పటికీ అంటాను.

ఆటకి ముందు ఆంటీ పెవిలియన్ మెట్టు మీద సుద్దముక్కతో గీతలు గీసేది. ఒక్కో గీత కొసన ఒక అంకె. అంకెలు కనపడకుండా బ్యాటు కప్పేది. తలా ఒక గీత మీద వేలు పెట్టాలి. బ్యాటు తీశాక ఒకటి ఎవరికొస్తే ఆ రోజుకి వాళ్ళే కెప్టెన్. మా గల్లీలో బ్యాటింగ్ వరసకి అచ్చం ఇలాగే గీసేవాళ్ళు... ఎక్కడో సముద్రం మధ్య దీవిలో కూడా ఇవే గీతలని తెలిశాక ఆమె నాకు పరాయి మనిషిలా అనిపించలేదు.

ఒక ఆదివారం ఆ ఒకటి నాకొచ్చింది. అందరికంటే పొడుగైన కుర్రాడు బంతి నేలకేసి కొట్టి, ఈ పిల్లకి ఫీల్డింగ్ పెట్టడం కూడా రాదని గొణిగాడు. ఆంటీ కోప్పడలేదు. అందర్నీ మెట్ల మీద కూర్చోబెట్టి తన దీవుల సంగతి చెప్పింది.

అక్కడికి క్రికెట్‌ని తెచ్చింది ఇంగ్లీషు దొరలేనట. దీవికీ దీవికీ మధ్య సముద్రం, ఎవరి జెండా వాళ్ళది, ఎవరి ప్రభుత్వం వాళ్ళది... క్రికెట్‌కి మాత్రం అన్నీ కలిసి వెస్టిండీస్. నల్లవాళ్ళు వికెట్లు తీసేవాళ్ళు, పరుగులు కొట్టేవాళ్ళు. టాస్‌కి మాత్రం, ఎప్పుడో ఒకటీ అరా తప్ప, తెల్లవాడే వెళ్ళాలి. మీకు నడిపించడం రాదనేవాళ్ళట. పత్రికలు రాసి, జనం అరిచి, పోట్లాడితేగానీ నల్ల మనిషి సిరీస్ మొత్తానికి కెప్టెన్ కాలేదు. ఆ వార్త రేడియోలో విన్నప్పుడు ఆంటీ వాళ్ళ నాన్న టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడట. ఆ తర్వాత మొదటి రెండు ప్రపంచ కప్పులూ ఆ దీవులవే...

"ఏ జట్టుని చూసినా, కెప్టెన్‌ని ఎవరు పెట్టారో ముందు అడుగు" అంది నాతో. స్కోరు తర్వాత అడగొచ్చట.

ఆ రోజు మేం ఓడిపోయాం. ఫీల్డింగ్ మాత్రం నేనే పెట్టాను.

పెద్దయ్యాక ఆ సంగతి మీద లైబ్రరీలో, వీధి స్టాళ్ళలో దొరికిన కరపత్రాలన్నీ చదివాను. కథ ఆంటీ చెప్పినట్టే ఉంది. అందుకే అడుగుతున్నాను... ఈ వేసవి మొత్తానికి ముగ్గురు పర్మనెంట్ కెప్టెన్లట, వాళ్ళని ఎవరు పెట్టారు? ముగ్గురూ కమిటీ వాళ్ళ అబ్బాయిలే ఎలా అయ్యారు? వాళ్ళని తేల్చిన మీటింగ్ మంగళవారం మధ్యాహ్నమే ఎందుకు? హాస్పిటల్ షిఫ్టుల్లో, వేర్‌హౌస్ డ్యూటీల్లో ఉన్న అమ్మానాన్నలు రాలేరని తెలిసే కదా? పెవిలియన్ మెట్టుని జెట్ వాష్ చేయించిందీ ఆ వారమే. శుభ్రత కోసమట. నేను నమ్మను.

ఛైర్మన్ అంకుల్‌ని అడిగితే నవ్వారు. "లీడర్‌షిప్ అంటే లాటరీ కాదమ్మా, నీకు తెలీదు."

ఆ మాట నేను చిన్నప్పుడే విన్నాను అంకుల్... మెట్ల మీద కూర్చుని.

మా పక్కింటి నిత్యకి పదేళ్ళు. రెండు వేసవుల నుంచి గీత మీద వేలు పెడుతోంది, ఒకటి ఇంకా రాలేదు. మొన్న గేటు దగ్గర నన్ను ఆపి ఇంగ్లీషులో అడిగింది, ఇక గీతలు ఉండవా అక్కా అని.

వెరా ఆంటీ ఇప్పుడు మైదానంలోకి దిగలేకపోతోంది, బెంచీ మీద నుంచే చూస్తుంది. సంగతంతా నాన్నకి చెప్పాను. "ఆయన మీద నాకు మొదటిసంది అనుమానమే" అంటూ అంపైర్ కోటు ఇస్త్రీకి తీశాడు.

మీ చిన్నప్పుడు కెప్టెన్‌ని ఎవరు పెట్టేవారో కింద రాయండి... రాసి ఊరుకోకండి. వచ్చే ఆదివారం ఉదయం సరిగ్గా పది గంటలకి, పిల్లల్ని వెంటబెట్టుకుని పెవిలియన్ మెట్టు దగ్గరికి రండి. సుద్దముక్క నేను తెస్తాను. కడిగిన మెట్టు మీద గీత ఇంకా బాగా పడుతుంది.