డ్రమ్ములో మిగిలిన సగం

అది 2023. పదో తరగతి పరీక్షలకు ఇంకా ఐదారు వారాలున్నాయి. పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో ఒక ఊరి హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. కాపురం మదనపల్లెలో. పొద్దున ఏడున్నర బస్సుకు పోవడం, సాయంత్రం ఏది దొరికితే అది ఎక్కి రావడం. అప్పటికి పంతొమ్మిదేళ్ల సర్వీసు. నా క్లాసులో లెక్కలు తప్పేవాళ్లు ఏడాదికి ఒకరో ఇద్దరో, కొన్నేళ్లు అదీ లేదు. ఆ గర్వం నాకు దండిగా ఉండేది. దాచుకునేదాన్ని కూడా కాదు.

లెక్కలు చెప్పే పనిలో లేనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. పిల్లలు సమీకరణాలకు పెద్దగా భయపడరు. ఎక్స్, వై ఇచ్చి కనుక్కోమంటే చకచకా చేసేస్తారు. అదే లెక్కను నాలుగు వాక్యాల్లో కథగా రాసిస్తే బిక్కచచ్చిపోతారు. వీటిని వర్డ్ ప్రాబ్లమ్స్ అంటాం. అందులో రెండు రకాలు మరీ మొండివి. ఒకటి రేట్ లెక్కలు, అంటే గంటకు ఎంత దూరం, నిమిషానికి ఎన్ని లీటర్లు అనేవి. రెండోది మిక్స్చర్ లెక్కలు. ఇంత గాఢత ఉన్న ద్రావణంలో ఇంకొకటి ఇంత కలిపితే చివరికి గాఢత ఎంత అని అడుగుతారు.

వీటికి నేనొక చిట్కా కనిపెట్టాను. పెన్సిల్ తీయించి కథను కొట్టేయించేదాన్ని. 'ఒక తోటమాలి' కొట్టెయ్. 'తన తోటలోని తొట్టిని' కొట్టెయ్. 'పండగ రోజున' కొట్టెయ్. మిగిలిన అంకెల కింద గీత గీసి, పక్కన లీటరా గంటా అన్నది రాసి, సమీకరణంలో పెట్టెయ్. "తోటమాలి మీకేం చుట్టం కాదు, ఆయన బాగోగులు మనకెందుకు?" అనేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్లు. చిట్కా బ్రహ్మాండంగా పనిచేసింది. పక్క బళ్ల టీచర్లు వచ్చి నేర్చుకుని పోయారు. జవాబు లేని లెక్క ఉండదని, రాకపోతే తప్పు మీదేనని ప్రతి ఏడాదీ మొదటి రోజే చెప్పేదాన్ని.

ఆ ఏడాది నా క్లాసులో మంజుల అని ఒక పిల్ల. సన్నగా, చేతికి వదులైన గాజులతో, రెండో బెంచీ చివర కూర్చునేది. నేను బోర్డు మీద లెక్క రాసి తిరిగేలోపు జవాబు చెప్పేది. వాళ్ల నాన్న మునెప్ప రెండున్నర ఎకరాల్లో టమాటా పెట్టాడు. అమ్మ నాగమ్మ కూడా చేలోనే. ఇంటర్నల్ మార్కుల కోసం పిల్లలందరికీ ఒక ప్రాజెక్ట్ ఇవ్వాలి. మీ ఇంట్లో జరిగే పని ఒకటి తీసుకుని లెక్కగా రాసి తెమ్మన్నాను. చాలామంది పాలు, పెట్రోలు రాసుకొచ్చారు. మంజుల టమాటాకు కొట్టే పురుగుమందు రాసుకొచ్చింది.

"మా నాయన మందు మూతతో కొలస్తాడు మేడం," అంది. "ట్యాంకుకు మూడు మూతలు. ఒగ సీసా మూత పెద్దదుంటాది, ఇంగోటి సిన్నదుంటాది. అది సరైన లెక్క యాడయితాది?"

ట్యాంకు అంటే వీపుకు తగిలించుకుని మందు కొట్టే బ్యాటరీ పంపు. ప్రతి ట్యాంకుకూ విడిగా మందు కలపడం ఆలస్యం కాబట్టి, రెండు వందల లీటర్ల డ్రమ్ములో ఒకేసారి కలిపి, బకెట్‌తో ముంచి ట్యాంకులో పోసుకోవచ్చని ఆ పిల్ల ఆలోచన. లీటరు నీళ్లకు రెండు మిల్లీలీటర్లు వేయాలని సీసా మీద ఉంది. అంటే డ్రమ్ముకు నాలుగు వందలు. ఒక నీళ్ల బాటిల్ పైభాగం కోసేసి, నాలుగు వందల దగ్గర నల్లగా గీత గీసింది. "డ్రమ్ము నిండినప్పుడల్లా గీత కాడికి పొయ్యమని చెప్పినా మేడం. మా నాయనకు చదువు రాదు గదా, గీతైతే సులువు," అంది.

నేను ఉబ్బిపోయాను. క్లాసంతా చప్పట్లు కొట్టించాను. పూర్తి మార్కులు వేసి, నోటుబుక్కు స్టాఫ్‌రూమ్‌కు తీసుకెళ్లి అందరికీ చూపించాను. నేను కథ కొట్టేయడం నేర్పితే ఈ పిల్ల ఏకంగా వాళ్ల నాన్న పనికే లెక్క కట్టిందని గొప్పలు పోయాను.

పది రోజుల తర్వాత మంజుల బడికి రాలేదు. వాళ్ల నాన్న చేలో మందు కొడుతూ పడిపోయాడని, పుంగనూరులో చూపించి మదనపల్లెకు తీసుకుపోయారని పక్క బెంచీ పిల్ల చెప్పింది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాను.

వార్డు బయట బెంచీ మీద నాగమ్మ, పక్కన మంజుల ఉన్నారు. ఇలాంటి కేసు వస్తే ఆసుపత్రివాళ్లు పోలీసులకు తెలపాలి. దాన్ని ఎం.ఎల్.సి. అంటారు. అందుకని ఒక కానిస్టేబుల్ వచ్చి, కావాలని పురుగుమందు తాగాడా అని అడిగి పోయాడట. "నా మొగుడు తాగలేదమ్మా. ఒళ్లంతా మందు వాసనే గానీ నోట్లో లేదు. డాక్టరమ్మ గూడా అదే చెప్పింది. అయినా ఊర్లో తాగినాడనే అంటాండారు," అంటూ నాగమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

మంజుల ఏడవలేదు. బడి సంచిలోంచి ఆ ప్రాజెక్ట్ నోటుబుక్కు తీసి నా ఒళ్లో పెట్టింది. "మేడం, నా లెక్క యాడన్నా తప్పిందేమో సూడండి."

మూడుసార్లు చూశాను. గుణకారం చూశాను, యూనిట్లు చూశాను, బాటిల్ మీద గీత ఎలా గీసిందో అడిగాను. ఎక్కడా తప్పు లేదు. "లెక్క కరెక్టే తల్లీ. నీ తప్పేం లేదు," అన్నాను. అప్పుడు ఏడ్చింది, గుక్కపట్టి. ఎదురుగా నిలబడ్డ వాళ్ల మేనమామ ఊరుకోలేదు. "చదవేస్తే ఉండే మతి పోయిందంట. ఇన్నేండ్లు మూతతో కొలిస్తే ఏమీ కాలేదు. ఈ బిడ్డ గీత గీసినాకే పడినాడు," అన్నాడు. నాకు మండింది. లెక్క నేను చూశాను, అందులో తప్పు లేదు, పిల్లను ఏమైనా అంటే బాగుండదని గట్టిగానే చెప్పాను.

మర్నాడు సాయంత్రం మళ్లీ వెళ్లాను. మంజుల లోపల తండ్రి దగ్గర ఉంది. నాగమ్మకు టీ తెచ్చిచ్చి కూర్చున్నాను. ఏదో మాట్లాడాలని, మందు కొట్టిన రోజు ఏమైందమ్మా అని అడిగాను.

"మా బోరు సంగతి మీకు తెలీదమ్మా," అంది. "అరగంట పోస్తాది, ఆనక గాలి కొట్టి నిలిచిపోతాది. మళ్లా రొంతసేపటికి పోస్తాది. బోరు పోస్తాండంగా ఏ పాత్రా వెలితిగా పెట్టగూడదు మా కాడ. బిందె, బకెట్టు, తొట్టి, అన్నీ నింపేయాల్సిందే. డ్రమ్ము సగం అయ్యేటప్పటికి బోరు పోసేది. ఆయప్ప మళ్లా నింపుకొనేది."

"సగం మందు నీళ్లు డ్రమ్ములో ఉండగానే?"

"అవునమ్మా. పారబోస్తామా యాడన్నా?"

"నింపినాక మందు?"

"గీత కాడికి పోసినాడు. డ్రమ్ము నిండినప్పుడల్లా పొయ్యమని బిడ్డ చెప్పింది గదా. ఆయప్ప ఒక్క సుక్క తగ్గనీలే, బిడ్డ మాటని." మందు కొట్టింది రెండు రోజులని, ఆ రెండు రోజుల్లో నాలుగుసార్లు అలా నింపాడని చెప్పింది.

మందులు కొనేసిన పాత చీటీ ఒకటి బెంచీ మీద ఉంది. దాని వెనక లెక్క వేశాను. మొదటి డ్రమ్ములో నాలుగు వందల మిల్లీలీటర్లు. సగం వాడితే మిగిలింది రెండు వందలు. దానికి మళ్లీ నాలుగు వందలు పోస్తే ఆరు వందలు, అంటే లీటరుకు మూడు. అందులో సగం పోయి మళ్లీ నాలుగు వందలు పడితే ఏడు వందలు, లీటరుకు మూడున్నర. ఆ తర్వాత మూడు ముప్పావు. అలా పెరుగుతూ నాలుగు దగ్గరికి పోతుంది. కొట్టాల్సిన దానికి దాదాపు రెట్టింపు. మూతలతో కొలిచినప్పుడు ఈ తప్పు జరిగే వీలే లేదు, ట్యాంకు ఖాళీ అయ్యాకే మళ్లీ నింపుతారు కాబట్టి. చదువురాని మునెప్ప పద్ధతి సరిగ్గానే ఉంది. నేను చప్పట్లు కొట్టించిన పద్ధతిలో ఉంది తప్పు.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. డిసెంబరులో తొట్టి లెక్క చెబుతున్నప్పుడు మంజుల లేచి, "తొట్టిలో ముందే కొన్ని నీళ్లుంటే మేడం?" అని అడిగింది. సిలబస్ పూర్తి చేసే హడావిడిలో ఉన్నాను. "ప్రశ్నలో లేనిది నీకెందుకు? కూర్చో," అన్నాను. క్లాసు నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది. తర్వాత అలాంటి ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. నేను బాగా నేర్పాను.

ఆ చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. నాగమ్మకు చెప్పలేదు, మంజులకు చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చేశాను. మరుసటి రోజు డాక్టరమ్మను పక్కకు పిలిచి అడిగాను, మందు రెట్టింపు కావడం వల్లే ఇలా అయిందా అని. ఆమె చిన్న వయసు మనిషి, రెండు రోజులుగా నిద్రలేనట్టుంది.

"మేడం, ఆయన చొక్కా లేకుండా కొట్టాడు. ట్యాంకు మూత కారి వీపంతా తడిసింది. రెండు రోజులు ఎండలో ఉన్నాడు, ఒళ్లు కూడా సరిగా కడుక్కోలేదు. మందు మామూలుగా కలిపినా ఇలా కావచ్చు. చిక్కగా ఉంటే ఎక్కువ పడుతుంది, అది నిజమే. దేని వంతు ఎంతంటే నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు," అంది.

ఆరో రోజు మునెప్ప చనిపోయాడు.

దినాలు అయ్యాక హెడ్‌మాస్టర్‌తో కలిసి వాళ్ల ఊరికి వెళ్లాను. ఆయన నాగమ్మతో, బంధువులతో మాట్లాడుతుంటే మంజుల నన్ను చేలోకి రమ్మంది. గట్టు మీద నీలం రంగు డ్రమ్ము ఉంది. ఎవరో దాన్ని బోర్లించారు. పండిన టమాటాలు కోసే దిక్కులేక చెట్లకే ఉన్నాయి. నోటుబుక్కు తెరిచి చూపించింది. ఆ పాత లెక్క కింద కొత్తది ఉంది.

"మొదట లీటరుకు రెండు మేడం. ఆనక మూడు. మూడున్నర. మూడు ముప్పావు. నాలుగు మాత్రం దాటదు. సరిగ్గా జేసినానా?"

"సరిగ్గా చేశావు."

"మీకు ముందే తెలుసు గదా? డ్రమ్ము సంగతి ఆసుపత్రిలో మాయమ్మను అడిగినారంట."

అబద్ధం నోటి చివరి దాకా వచ్చింది. "తెలుసమ్మా. రెండో రోజు నుంచి."

ఆ పిల్ల నా ముఖం చూడలేదు. డ్రమ్ము అంచు మీద వేలితో రాస్తూ అడిగింది. "లీటరుకు రెండే ఉండింటే మా నాయన బతికుండునా మేడం?"

డాక్టరమ్మ చెప్పింది చెప్పాను. దానికి జవాబు తెలుసుకునే దారి లేదన్నాను. "జవాబు లేని లెక్క ఉండదంటారు గదా మీరు," అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఆ మాట తప్పని చెప్పాను. తొట్టిలో ముందే నీళ్లుంటే అని నువ్వు అడిగితే నోరు మూయించింది నేనే, తప్పు నాదే అని చెప్పాను. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"గీత గీసింది నేను మేడం," అని మాత్రం అని, మంజుల నోటుబుక్కు మూసి ఇంటివైపు నడిచింది.

పరీక్షలు రాసింది. లెక్కల్లో దాదాపు అన్ని మార్కులూ వచ్చాయి. ఇంటర్‌లో మాత్రం లెక్కలు లేని గ్రూపు తీసుకుంది. ఎంత చెప్పినా వినలేదు. "వద్దు మేడం, నాకు చేత గాదు," అని ఫోన్లో మెల్లగా చెప్పింది. నా సర్వీసు మొత్తంలో అంత చక్కగా లెక్కలు చేసే పిల్ల ఇంకొకరు నాకు దొరకలేదు.

తర్వాత బదిలీల్లో కుప్పం వైపు వచ్చాను. ఇక్కడ పిల్లలకు కథ కొట్టేయమని చెప్పను. రెండుసార్లు చదివించి, ఇందులో చెప్పకుండా వదిలేసింది ఏమిటో అడుగుతాను. ఒక్కో లెక్కకు ఒక పీరియడ్ పడుతోంది, సిలబస్ వెనకబడుతోంది, మార్కులు కాస్త తగ్గాయి. హెడ్‌మాస్టర్ సణుగుతారు, సణగనీ. ఆ పద్ధతి మార్చుకోవడం నాకేం కష్టం కాలేదు.

నన్ను తినేది అది కాదు. ఆసుపత్రి బెంచీ మీద "లెక్క కరెక్టే" అన్నాను చూడండి, అదీ. మర్నాడు నిజం తెలిసినప్పుడు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి ఉంటే, నాన్న బతికుండగానే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం. భయపడి దాచాను. దాంతో ఆ రెండో లెక్కను మంజుల, తండ్రి లేని ఇంట్లో, ఎవరి సాయమూ లేకుండా, ఒక్కతే కూర్చుని చేసుకుంది.